నడిమి పొలం

"ఆ మ్యాప్ ఎవరు గీశారు?" అని చంద్రిక అడగడం ఇది మూడోసారి.

వేణుమాధవ్ లాప్‌టాప్ మూత సగం దించాడు. పూర్తిగా మూస్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది, తెరిచి ఉంచితే ఆమె ఇంకా చూస్తుంది. గురువారం ఇంటి నుంచే పని కాబట్టి వంటింటిని ఆనుకున్న బల్లే అతని ఆఫీసు. మీటింగ్ ఉందన్నట్టు చెవిలో పెట్టుకున్న ఇయర్‌బడ్ తీసి పక్కన పెట్టాడు. మీటింగ్ ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన చంద్రిక గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. తెర మీద ఆమెకు కనిపించింది హార్లన్ లోయ. లాంకాస్టర్ దగ్గరి ఈ ఇంటికి ఐదు గంటల దూరంలో, న్యూయార్క్ రాష్ట్రం పైభాగాన, పశువుల్ని అమ్మేసుకున్న ముసలి రైతుల లోయ అది. చుట్టూ పదకొండు పొలాలకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. మధ్యలో ఉన్న ఒక్కదానికి ఎరుపు. ఆ పన్నెండు పొలాల్లో ప్రతిదాని గేటూ చంద్రికకు తెలుసు. పక్క పొలం ఆమిష్ వాళ్ళను ఈ ఏడాది మూడుసార్లు తన మినీవ్యాన్‌లో ఎక్కించుకుని అక్కడికి తీసుకువెళ్ళింది తనే.

"నేనే గీశాను," అన్నాడు వేణుమాధవ్ చివరికి. "నువ్వు చెప్పినవే కదా, డిన్నర్ దగ్గర."

ఆ మాటకు చంద్రిక ఒళ్ళు భగ్గుమంది. కోపం సగం మొగుడి మీద, సగం తన నోటి మీద.

చెప్పిన మాట నిజమే. ఆమిష్ వాళ్ళు పాత పద్ధతులు వదలని క్రైస్తవ రైతులు, కారు నడపరు, ఇంకొకరు నడిపితే ఎక్కుతారు. మిగతా డ్రైవర్లు మైలుకింత అని పుచ్చుకుంటారు. చంద్రికది హెచ్-ఫోర్ వీసా, పని చేసే పర్మిట్ లేదు, అందుకని పైసా ముట్టుకోదు. గుడ్లో గుమ్మడికాయో ఇస్తే తెచ్చుకుంటుంది. మొదటి ప్రయాణం రోజునే పక్క పొలం ఇల్లాలు లవీనా ఎష్ ఆమెతో ఒక మాట చెప్పింది: "వ్యాన్‌లో విన్నది వ్యాన్‌లోనే వదిలెయ్యి చంద్రికా. మేం ఎక్కడ చూస్తున్నామో నలుగురికీ తెలిస్తే ఆ నేల మాకు అందదు." చంద్రిక ఒట్టు వేసినంత పని చేసింది. ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పడం కూడా చెప్పడం కిందికే వస్తుందని మాత్రం ఆమెకు తోచలేదు.

భోజనం వడ్డిస్తూ అన్నీ చెప్పింది. వాళ్ళకు చర్చి అంటూ వేరే కట్టడం ఉండదనీ, వంతులవారీగా ఇళ్ళల్లోనే ప్రార్థన పెట్టుకుంటారనీ, ఒక ఇంట్లో పట్టినంతమందే ఒక సంఘమనీ. పిల్లలు పుట్టి పట్టకుండా పోతే, ఏ రోడ్డునో వాగునో గీతగా పెట్టుకుని రెండు సంఘాలవుతారనీ. లాంకాస్టర్ చుట్టుపక్కల నేల అయిపోయింది కాబట్టి ఇక కొత్త చోటికి కదలాల్సిందేననీ. కదిలితే ఒక్క కుటుంబంగా కదలరు, పన్నెండు కుటుంబాలు కలిసి వెళ్ళాలి, గుర్రపు బగ్గీ అరగంటలో వెళ్ళగలిగినంత దూరంలోనే అందరూ ఉండాలి. ఆ లోయలో నడిమి పొలం దొరికితేనే రెండు కొసలూ కలుస్తాయి, లేకపోతే అది ఊరే కాదు.

ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెకు చెప్పుకోవడానికంటూ ఒక సంగతి దొరికింది. అతను చపాతీ తుంచుకుంటూ ఊఁ కొట్టాడు. వింటున్నాడు కదా అని సంతోషించింది వెర్రిబాగులది. నిజంగానే విన్నాడు.

"గీసి ఎవరికి పంపావు?"

అత్తగారు సీతమ్మ ఇండియా నుంచి వచ్చిన ఈ నాలుగు నెలలూ చంద్రిక మొగుణ్ణి "మీరు" అంటోంది. ఇవాళ ఆ మర్యాద దానంతటదే జారిపోయింది. ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సీతమ్మ తల ఎత్తలేదు గానీ, చేతుల వేగం తగ్గింది.

"గ్రూప్‌కి."

"ఏ గ్రూప్‌కి?"

"మన పొలం గ్రూప్, అందరం డబ్బులేసి నేల కొనేది. ఎడిసన్‌లో రవి అన్న, ఫ్రిస్కో వాళ్ళు, హెర్న్‌డన్ వాళ్ళు. మొత్తం తొమ్మిది మందిమి."

చంద్రిక గ్లాసు బల్ల మీద పెట్టి అతని ఫోన్ తీసుకుంది. అతను ఆపలేదు. రవి అన్నంటే రవిశంకర్, ఇంజనీరింగ్ కాలేజీలో వేణుమాధవ్‌కు రెండేళ్ళ సీనియర్. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె చేసిన పులిహోర రెండుసార్లు వడ్డించుకుని చెల్లెమ్మా అని పిలిచే మనిషి. అతని మెసేజ్ పైనే ఉంది.

"ఫ్రెండ్స్, వీళ్ళు మామూలు కస్టమర్లు కాదు. ఇంటికి ఏడెనిమిది మంది పిల్లలు. ఇరవై ఏళ్ళకోసారి జనాభా డబుల్. చదువులకి పోరు, ఉద్యోగాలకి పోరు, ప్రతివాడికీ పొలమే కావాలి. ఊరు వదిలినా గుంపుగా వదుల్తారు. మనం ముందే వెళ్ళి మధ్యలో కూర్చుంటే చాలు, రేటు వాళ్ళే పెంచుతారు. రింగ్ రోడ్ కన్నా గ్యారంటీ. టిప్ ఇచ్చిన చంద్రిక చెల్లెమ్మకి స్పెషల్ థాంక్స్."

దాని కింద వరసగా దణ్ణాలు పెడుతున్న చేతుల బొమ్మలు.

"మధ్యలో కూర్చోవడమంటే ఏంటి?" అంది. గొంతు ఎందుకో నెమ్మదిగానే వచ్చింది.

"నడిమి పొలానికి అగ్రిమెంట్ అయింది. రెండు వారాలవుతోంది."

చంద్రిక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆగస్టులో ఆ పొలం ఆసామి, ఎనభై ఏళ్ళ మనిషి, గడ్డివాము పక్కన నిలబడి లవీనా భర్త బెనుయెల్ చెయ్యి పట్టుకుని ఊపడం ఆమె కళ్ళారా చూసింది. కోతలయ్యాక రాసుకుందాం అన్నాడు ఆయన. బెనుయెల్ టోపీ సర్దుకుని సరేనన్నాడు. ఇంకేమీ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో ఐదు గంటలూ పాటలు పాడుకున్నారు, వాళ్ళ డచ్చి భాషలో.

"ఆయన బెనుయెల్‌కి మాట ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నా."

"మాటిచ్చాడు. కాగితం ఇవ్వలేదుగా. మేం క్యాష్ ఆఫర్ పెట్టాం, ఆయన ఒప్పుకున్నాడు. ఇందులో ఇల్లీగల్ ఏముంది చందూ? వాళ్ళని ఎవరు వెళ్ళగొట్టారు? కావాలంటే మన దగ్గరే కొనుక్కుంటారు."

"మీరు చెప్పిన రేటుకి."

"మార్కెట్ ఎంతుంటే అంతకి."

"వాళ్ళు కొనరు వేణూ. కొట్లాడరు, కోర్టుకి పోరు, ఎక్కువిచ్చి పోటీ పడరు. లోయ వదిలేసి ఇంకోచోటు వెతుక్కుంటారు. ఆ ముసలాయన్ని నమ్ముకుని లవీనా తమ్ముడితో సహా రెండు కుటుంబాలు ఇక్కడ ఇళ్ళు కూడా అమ్మేసుకున్నాయి. మీ రవి అన్నకి అది కూడా చెప్పావా?"

వేణుమాధవ్‌కు ఆ సంగతి తెలియదు. తెలియదని ముఖమే చెప్పింది. అది చూసి చంద్రికకు రవ్వంత ఊరట కలిగింది, ఆ ఊరట కలిగినందుకు తన మీద తనకే విసుగు పుట్టింది.

"క్యాన్సిల్ చేయించు."

"అలా ఎలా అవుతుంది?"

"మార్గమే లేదా?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు, చెప్పకుండా దాటెయ్యడం వచ్చు. ఈసారి దాటడానికి దారి దొరకలేదు.

"ఇవాళ ఐదింటి దాకా టైముంది. కొనేవాళ్ళు వద్దనుకుంటే ఈలోపు లెటర్ పంపచ్చు. కానీ అది నేను పంపలేను."

"ఎవరు పంపాలి?"

"నువ్వు."

సీతమ్మ చేతులు పూర్తిగా ఆగిపోయాయి.

"అగ్రిమెంట్ నీ పేరు మీదుంది," అన్నాడు వేణుమాధవ్. "పోయిన నెల నీ ఫోన్‌కి రెండు ఈ-సైన్‌లు పంపా గుర్తుందా? స్మృతిని కరాటే నుంచి పికప్ చేసుకుంటూ కార్లోనే చేశావు. నేనేది పంపినా చదవకుండా సైన్ చేస్తావుగా."

చంద్రికకు గుర్తుంది. వెనక కారువాడు హారన్ కొడుతుంటే వేలితో నొక్కేసింది. ఇన్సూరెన్స్ అనుకుంది, కాకపోతే కూతురు స్మృతి కాలేజీ సేవింగ్స్ అనుకుంది. మొగుడు పంపిన కాగితం చదవడమంటే అనుమానించడమే అనుకునే ఇంట్లో పెరిగిన పిల్ల.

"నా పేరెందుకు? పర్మిట్ లేనిదాన్ని కదా."

"భూమి కొనడానికి పర్మిట్ అక్కర్లేదు." వేణుమాధవ్ పక్కన పెట్టిన ఇయర్‌బడ్‌ను డబ్బాలో వేశాడు. "వచ్చే బుధవారం మన పెళ్ళిరోజు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా. గ్రూప్ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, ఎవరో ఒకరి పేరు మీద ఉండాలిగా. మన పెళ్ళిలో మీ నాన్న పదిమందిలో అన్న మాట నీకు గుర్తుండకపోవచ్చు. మా అమ్మాయి పేరున అంగుళం నేల పెట్టలేనివాళ్ళకి ఇస్తున్నా అన్నాడు. పన్నెండేళ్ళయింది. అమెరికాలో నూట ఎనభై ఎకరాలు నీ పేరు మీద పెట్టి, ఆ కాగితం ఫోటో తీసి ఆయనకి పంపిద్దామనుకున్నా."

ఇంతసేపూ కోపం తెచ్చుకోవడం సులువుగానే ఉంది. ఈ మాటతో కష్టమయింది. తండ్రి ఆ మాట అనడం చంద్రికకు బాగా గుర్తుంది. అప్పుడు పీటల మీద సిగ్గుతో చచ్చిపోయింది. వేణుమాధవ్ నవ్వి ఊరుకున్నాడు, మంచివాడు, పట్టించుకోలేదు అని అప్పుడే మనసులో అతనికి పెద్ద పీట వేసుకుంది.

"అన్నాడ్రా, నేనూ విన్నాను," అంది సీతమ్మ. "తప్పు మాటే. అయితే దాని పేరున కొనేటప్పుడు దాన్నొక మాట అడగాలని నీకెందుకు తోచలేదు?"

"సర్‌ప్రైజ్ అంటున్నాగా అమ్మా."

"దానికి నేస్తురాలు ఇక్కడ ఒక్కతే. ఆవిడ నోటికాడ కూడు తీసి దీనికి పెడతావా కానుకగా?"

వేణుమాధవ్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వేయలేదు. ఆ ఇంట్లో ఎవరూ తలుపులు గట్టిగా వేయరు. మాట్లాడటం మానేస్తారు.

అలా రెండు గంటలు గడిచాయి. కుక్కర్‌లో అన్నం చల్లారింది. ఎవరూ తినలేదు. చంద్రిక తన మెయిల్ తెరిచి, ఆ అగ్రిమెంట్ వెతికి పట్టుకుని, ఈసారి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ముప్ఫై ఒక్క పేజీలు. ఏడో పేజీలో తన పేరు, ఇంటిపేరుతో సహా, అచ్చుతప్పు లేకుండా ఉంది. పన్నెండో పేజీలో వెనక్కి తగ్గే గడువు ఉంది, ఈరోజు తేదీతో. దానితోపాటు వచ్చిన రెండో కాగితం గ్రూప్ వాళ్ళు తమలో తాము రాసుకున్నది. దాన్ని తెరవబోతుండగా స్కూలు బస్సు ఆగిన చప్పుడయింది.

స్మృతి బ్యాగు గుమ్మంలోనే పడేసింది. దానికి తొమ్మిదేళ్ళు.

"అమ్మా, లవీనా బ్యాక్ యార్డ్‌లో ఉంది. ఐ సెడ్ కమ్ ఇన్. నో అంది. నిన్ను పిలవమంది."

"పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలుస్తావేమే? ఆంటీ అనలేవూ?" అంది సీతమ్మ.

"వాళ్ళ పిల్లలు కూడా అమ్మని చంద్రిక అంటారు నానమ్మా. దట్స్ హౌ దే డూ ఇట్." స్మృతి అరటిపండు తీసుకుని టీవీ గదిలోకి పోయింది.

చంద్రిక వెనక తలుపు తీసింది. వాళ్ళ పెరడుకు కంచె లేదు. మిషన్‌తో కత్తిరించిన గడ్డి ఎక్కడ ఆగుతుందో అక్కడ ఎష్ వాళ్ళ మొక్కజొన్న మొదలవుతుంది. నూట నలభై ఇళ్ళ ఈ కాలనీ ఒకప్పుడు బెనుయెల్ పెదనాన్న చేను. ఆ సంగతి లవీనా ఎన్నడూ ఎత్తలేదు. స్మృతే స్కూల్లో విని వచ్చి చెప్పింది.

లవీనా చేను గట్టు మీద నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, ఎనిమిది మంది పిల్లల తల్లి. పిలిస్తే ఈసారి వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పింది, ఆ ఇంటి పద్ధతి ఆమెకు తెలుసు. నేరుగా సీతమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల్లో సగం తన వైపు లాక్కుంది. నాలుగు నెలల్లో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు ఇరవై దాటవు, అందులో ఎక్కువ కూరగాయల పేర్లే. అయినా ఒకరంటే ఒకరికి ఇష్టమే.

"హార్లన్ లోయ మాకు రాలేదు చంద్రికా," అంది లవీనా.

"తెలిసింది."

"నిన్న ఏజెంటు బెనుయెల్‌కి కాగితం చూపించాడు. కొన్నవాళ్ళ పేరు ఏజెంటుకి పలకడం రాలేదు. బెనుయెల్‌కి వచ్చింది."

ఇంతసేపూ ఈవిడకు ఎలా చెప్పాలా అని చంద్రిక మథనపడింది. ఈవిడకు నిన్ననే తెలుసు. తెలిసి ఒక రాత్రి ఊరుకుంది.

"నాకు తెలీదు లవీనా. నాకు చెప్పకుండా నా చేత సంతకం పెట్టించారు." ఆ మాట అక్షరాలా నిజం. చెవికి మాత్రం అబద్ధంలానే వినిపించింది.

"అది అడగడానికి నేను రాలేదు," అంది లవీనా ఈనె తీస్తూ. "వచ్చే ఆదివారం మా సంఘమంతా కూర్చుంటుంది. ఎవరి మీదా మనసులో ఏమీ లేదని ప్రతి ఒక్కరూ చెప్పాలి. అలా అందరూ చెబితేనే ఆ తర్వాత ప్రభువు పేరున రొట్టె విరవడం. ఒక్కరు ఉందన్నా ఆగిపోతుంది. నీ మీద కోపం పెట్టుకుని నేను అక్కడ నోరు తెరవలేను. బెనుయెలూ నేనూ నిన్న మాట్లాడుకున్నాం. నిన్ను క్షమించాం. నీ భర్తను కూడా. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు, ఏడవవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. చంద్రికకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ తమ్ముడు వాళ్ళు ఇల్లు అమ్మేశారుగా. ఎక్కడికి వెళ్తారు?"

"ఏప్రిల్‌లోపు ఖాళీ చేయాలి. చూడాలి." లవీనా కాయలు గిన్నెలో వేసింది. "మా పెద్దవాడి పెళ్ళి నవంబరులో. వాణ్ణి ఆ లోయలో పెడదామనుకున్నాం. ఇక్కడున్నది అరవై ఎకరాలు, మగపిల్లలు ఆరుగురు. ముక్కలు చేస్తే ఎవరి ముక్కలోనూ పది ఆవులు కూడా బతకవు."

"ఇంకా టైముంది లవీనా." చంద్రిక గబగబా ముందుకు వంగింది. "ఐదులోపు నేను వద్దని రాస్తే అగ్రిమెంటు పోతుంది. నా సంతకం ఒక్కటి చాలు. ఇప్పుడే, నీ ముందే చేస్తాను."

లవీనా చేతులు మొదటిసారి ఆగాయి.

"నీ భర్త సరేనన్నాడా?"

"లేదు."

"అయితే వద్దు."

"అదేంటి? ఆ పొలం లేకపోతే మీ పన్నెండు కుటుంబాలు..."

"ఒక భార్య భర్తకు ఎదురు తిరిగి విడిపించిన నేల మీద మేం ఊరు కట్టలేం. మా పెద్దలు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. అతనంతట అతను వచ్చి చెప్పాలి. బెనుయెల్‌కి, నోటితో. కాగితం కూడా అక్కర్లేదు."

లవీనా లేచి, సీతమ్మ భుజం మీద చెయ్యి వేసి తీసింది. గుమ్మం దగ్గర వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అంది, "రేపటి ప్రయాణానికి డ్రైవర్ దొరికాడు. నువ్వు రావక్కర్లేదు."

"ఎక్కడికి వెళ్తున్నారు?"

అలవాటుకొద్దీ చంద్రిక నోట వచ్చేసింది ఆ మాట. లవీనా తలెత్తి ఆమెను చూసింది, మర్యాదగా నవ్వింది, జవాబు చెప్పలేదు. మొక్కజొన్నల మధ్య దారిలో ఆమె తెల్ల టోపీ కనిపించినంతసేపూ చంద్రిక తలుపు పట్టుకుని నిలబడింది. క్షమించారు. నమ్మడం మానేశారు. రెండూ ఒకే పూటలో, ఒకే మనిషి నోటి నుంచి, గొంతు పెంచకుండా జరిగిపోయాయి. అప్పుడు ఏడ్చింది చంద్రిక.

వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద వేణుమాధవ్ ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలియదు. ముఖం పాలిపోయి ఉంది.

"నన్ను కూడానా?" అన్నాడు.

"ఏంటి?"

"క్షమించానంది కదా. నన్ను కూడానా?"

"విన్నావుగా."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. సమయం నాలుగూ ముప్ఫై ఐదు. సీతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"క్యాన్సిల్ చెయ్ చందూ," అన్నాడు. "నేను ఒప్పుకుంటున్నా. ఆవిడ అడిగింది అదేగా. రేపు పొద్దున బెనుయెల్ దగ్గరికి నేనే వెళ్తా."

చంద్రిక అతని ముఖంలోకి చూసింది. పన్నెండేళ్ళలో ఆ ముఖంలో ఎన్నడూ చూడనిది ఏదో కనిపించినట్టే ఉంది. బల్ల దగ్గరికి వెళ్ళి ఏజెంటుకు రాయాల్సిన రెండు వాక్యాలూ రాసింది. వేలు సెండ్ మీద పెట్టబోతుండగా అతని ఫోన్ మోగింది. రవిశంకర్.

"స్పీకర్ ఆన్ చెయ్," అంది చంద్రిక.

"ఏరా వేణూ, మధ్యాహ్నం ఏదో మెసేజ్ పెట్టావు, చెల్లెమ్మ అప్‌సెట్ అయిందని?"

"నేను వింటున్నా అన్నయ్యా," అంది చంద్రిక. "ఆ పొలం మాకొద్దు. క్యాన్సిల్ చేస్తున్నా."

అవతల నుంచి చిన్న నవ్వు వినిపించింది. చెడ్డ నవ్వేమీ కాదు, ఇంటికొచ్చినప్పుడు నవ్వే నవ్వే.

"నీ ఇష్టం తల్లీ, నేను ఫోర్స్ చెయ్యను. సెంటిమెంట్ నేను అర్థం చేసుకోగలను. నువ్వు తప్పుకుంటే సెకండ్ ఆఫర్ నా పేరు మీద ఉందిలే. మొదటి వాళ్ళు వద్దనగానే ఆటోమేటిక్‌గా నాకు వస్తుంది. వేరేవాళ్ళ చేతికి పోకుండా పోయిన వారమే పెట్టి ఉంచా. గ్రూప్‌కి నష్టం లేదు. నువ్వేం గిల్టీగా ఫీలవ్వకు."

ఫోన్ పెట్టేశాక వేణుమాధవ్ ఏజెంటు దగ్గర నుంచి వచ్చిన మెయిల్ తెరిచి చూపించాడు. నిజమే, రెండో వరసలో రవిశంకర్ పేరు ఉంది.

"అతని చేతికి పోతే?" అంది చంద్రిక.

"రవి అన్న ఒక్క డాలర్ కూడా తగ్గించడు. ప్లాట్లు వేసినా వేస్తాడు."

"నేను ఉంచుకుంటే?"

"నీ పేరు మీద ఉంటుంది. వాళ్ళకి మనమే ఇవ్వచ్చు."

నాలుగూ నలభై ఎనిమిది. చంద్రిక ఆ రెండు వాక్యాల వైపు చూస్తూ కూర్చుంది. పంపితే తన చేతులు శుభ్రం, పొలం మాత్రం వాళ్ళకు దక్కదు. పంపకపోతే లవీనా కళ్ళకు తను అక్షరాలా ఆ పొలం కొన్న మనిషే. చేను అవతలి కొసన ఉన్న ఎష్ వాళ్ళింటికి పరిగెత్తి అడిగి రావడానికి వ్యవధి లేదు, వాళ్ళ ఫోన్ పొలం చివర గుడిసెలో ఉంటుంది, రోజుకొకసారి వెళ్ళి చూసుకుంటారు.

"ఏం చెయ్యను అత్తయ్యా?"

"నాకు ఇంగ్లీషు కాగితాలు తెలియవమ్మా," అంది సీతమ్మ. "పరాయివాడి చేతిలో ఉన్నదానికన్నా నీ చేతిలో ఉన్నదే మేలు అనిపిస్తుంది. ఆ పైన నీ ఇష్టం."

చంద్రిక రాసింది చెరిపేసింది. ముగ్గురూ ఓవెన్ మీది గడియారం అంకెలు చూస్తూ కూర్చున్నారు. టీవీ గదిలో స్మృతి దేనికో గట్టిగా నవ్వింది. అంకెలు ఐదు చూపించాయి, ఐదూ ఒకటి చూపించాయి. హార్లన్ లోయలో నడిమి పొలం చంద్రికదయింది.

"సరే," అంది ఆమె, కళ్ళు తుడుచుకుని. ఒంట్లోకి కాస్త బలం వచ్చినట్టుంది. "పొద్దున్నే వాళ్ళ వ్యాన్ బయల్దేరకముందు వెళ్దాం. బెనుయెల్‌తో నువ్వే చెప్పాలి, కొన్న ధరకే ఇచ్చేస్తామని. నేను పక్కన నిలబడతా. వస్తావుగా?"

"వస్తా," అన్నాడు వేణుమాధవ్. "కానీ వాళ్ళకి ఇచ్చేస్తాం అని చెప్పలేం చందూ. ఇద్దామనుకుంటున్నాం అని చెప్పచ్చు."

"ఏం?"

"నువ్వు సైన్ చేసిన రెండో కాగితం ఉందిగా, గ్రూప్ అగ్రిమెంట్. కొనడానికి నీ ఒక్కదాని సంతకం చాలు. అమ్మాలంటే తొమ్మిది మందీ పెట్టాలి. రవి అన్నతో సహా."

చంద్రిక కదలకుండా అతన్ని చూసింది.

"ఈ సంగతి ఐదు కాకముందు నీకు గుర్తుందా వేణూ?"

వేణుమాధవ్ తల్లి వైపు చూశాడు. సీతమ్మ చేతిలో పని పక్కన పెట్టి, కొడుకు ఏం చెబుతాడా అని తనూ అతని నోటి వైపే చూస్తోంది.